కీచుమనని దవడలు

మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రిమ్‌ఫీల్డ్ చిన్న ఊరు. 1959 నుంచి అక్కడ పాతసామాన్ల సంత జరుగుతోంది. ఇప్పుడైతే ఏడాదికి మూడుసార్లు: మే, జులై, సెప్టెంబరు. రోడ్డు పక్క మైదానాల్లో వరసగా గుడారాలు వేసి, టీ కప్పుల దగ్గర నుంచి పాత తలుపుల దాకా అన్నీ అమ్ముతారు. పనిముట్లు అమ్మేవాళ్ళ దగ్గర బల్ల మీద కాదు, బల్ల కిందున్న డబ్బాల్లో చూడండి. ఓపిగ్గా వెతికితే ఒక వింత ఇనుప వస్తువు తగలవచ్చు. దాదాపు అడుగు పొడవుండే రెండు సన్నటి దవడలు, వాటిని దగ్గరకు నొక్కే ఒక మీట, అన్నిటికన్నా కింద బల్ల అంచుకు బిగించుకునే మర. పుస్తకాలు బైండు చేసేదా, తోలు కుట్టేదా అని అమ్మేవాడే అనుమానపడుతుంటాడు. అది రంపం వైస్. చేతిరంపాన్ని పళ్ళు పైకి ఉండేలా పట్టుకోవడం తప్ప దానికి వేరే పనేమీ లేదు.

ఒక్క పనికోసం ఇంత ఇనుమెందుకు, మామూలు బల్ల వైస్ సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. చేతిరంపం రేకు మందం ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ, పొడవు మామూలుగా 26 అంగుళాలు. అంత పల్చటి ఉక్కును మధ్యలో నాలుగంగుళాల మేర పట్టి, అంచున ఉన్న పంటి మీద ఆకురాయి తోస్తే రేకంతా వణుకుతుంది. ఆకురాయి పంటిని కోయడం మానేసి దాని మీద ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు వచ్చే కీచుమనే చప్పుడుకు మన పళ్ళు జివ్వుమంటాయి, ఇంట్లోవాళ్ళు తలుపులు వేసుకుంటారు. నష్టం చప్పుడుతో ఆగితే సరిపెట్టుకోవచ్చు. ఎగిరిపడిన ప్రతిసారీ ఆకురాయి మీది సన్నటి గాట్లు కాసిని చితుకుతాయి, పంటి ముఖం నున్నగా రాకుండా గరుకుగా తేలుతుంది. కొత్త ఆకురాయి ఒక్క రంపంతోనే మొద్దుబారిపోయిందని వాపోయేవాళ్ళు ఉంటారు. చాలాసార్లు తప్పు ఆకురాయిది కాదు, పట్టుది.

అందుకే ఈ వస్తువును కొనేటప్పుడు కళ్ళకన్నా చెవులకే ఎక్కువ పని చెప్పాలంటాను. పేరు, పేటెంటు, నలుపు రంగు మెరుపు, వీటన్నిటి సంగతి తరవాత. దవడలు రేకును పొడవునా ఒకే బిగువుతో పట్టాయా లేదా అన్నదే అసలు లెక్క. ఆ సంగతి చెప్పేది చప్పుడే.

పాతకాలపు తయారీదారులకు ఇది బాగా తెలుసు. న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా ఫాల్స్ అనే ఊరుంది. 1848లో మహిళల హక్కుల సభ జరిగిన ఊరుగా చరిత్రలో దానికి పేరు. కాలితో తొక్కి నడిపే లేతులూ రంపాలూ తయారుచేసిన సెనెకా ఫాల్స్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ ఉన్నది అక్కడే. ఆ కంపెనీ వెంట్‌వర్త్ పేరుతో ఒక రంపం వైస్ అమ్మింది. దాని గొప్ప ఏమిటో పేరులోనే పెట్టుకుంది: ‘నాయిజ్‌లెస్ సా వైస్’. కిటుకు రబ్బరులో ఉంది. దవడల లోపలి అంచున రబ్బరు పట్టీ ఉంటే రేకు వణుకును అది మింగేస్తుంది, ఇనుము అక్కడక్కడా ఎగుడుదిగుడుగా ఉన్నా ఆ సందులనూ నింపుతుంది. ఇన్నేళ్ళకు ఆ రబ్బరు ఎండి, పెచ్చులై రాలిపోయి ఉంటుంది. దాన్ని చూసి వెనక్కి తగ్గనక్కర్లేదు. ఆ చోట కొత్తది అంటించడం ఒక పూట పని.

రంపం కొన్నవాడే దానికి పదును పెట్టుకుంటాడన్న నమ్మకం మీద ఒక పరిశ్రమే నడిచింది. దాన్ని చూడాలంటే ఫిలడెల్ఫియా వెళ్ళాలి. హెన్రీ డిస్టన్ ఇంగ్లండులోని టూక్స్‌బరీలో 1819లో పుట్టాడు. 1833లో తండ్రితో కలిసి అమెరికా వచ్చాడు. ఓడ దిగిన కొద్దిరోజులకే తండ్రి చనిపోతే, ఆ కుర్రవాడు రంపాలు చేసేచోట పనికి కుదిరాడు. 1840లో సొంతంగా మొదలుపెట్టాడు. అప్పట్లో అమెరికన్ వడ్రంగులు ఇంగ్లండు రంపమంటేనే మంచి రంపమనుకునేవారు. మంచి ఉక్కు కోసం ఇంగ్లండు వైపు చూడటం ఇష్టంలేక 1855లో డిస్టన్ తానే ఉక్కు కరిగించడం మొదలుపెట్టాడు. 1870లలో ఊరికి ఈశాన్యాన, డెలావేర్ నది ఒడ్డున టాకొనీలో స్థలం కొని, కార్ఖానాతోపాటు పనివాళ్ళకు ఇళ్ళూ వీధులూ కూడా కట్టాడు. 1878లో అతను చనిపోయాక కొడుకులు నడిపారు. ప్రపంచంలోకెల్లా పెద్ద రంపాల కార్ఖానాగా అది పేరు తెచ్చుకుంది. 1874లో వచ్చిన డీ-8 రంపాలు ఈనాటికీ సంతల్లో కుప్పలుగా కనబడతాయి.

ఆ కంపెనీ రంపాలొక్కటే అమ్మి ఊరుకోలేదు. ఆకురాళ్ళు చేసింది, పళ్ళు వంచే సాధనాలు చేసింది, రంపం బిగింపులు చేసింది. రంపానికి పదును ఎలా పెట్టుకోవాలో చెప్పే చిన్న పుస్తకాలు కూడా అచ్చువేసింది. ఆకురాయి కోయగలిగేంత మెత్తగా, పదును నిలిచేంత గట్టిగా, రెండిటికీ మధ్యలో ఉక్కును టెంపర్ చేసేవారు. అంటే మొద్దుబారడం రంపం జీవితంలో మామూలు విషయం, పదును పెట్టడం దాని వాడకంలో భాగం. ఇప్పుడు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే రంపాల్లో చాలావాటికి పళ్ళ మొనలు నీలంగానో నల్లగానో కనబడతాయి. ఇండక్షన్ పద్ధతిలో వాటిని అతిగా గట్టిపరిచారన్నమాట. ఆకురాయి వాటి మీద జారిపోతుంది. కొత్తలో బాగా కోస్తాయి, కాదనను. మొద్దుబారితే చెత్తబుట్టలోకి వెళ్తాయి. అలాంటి రంపాలే వాడేవారికి ఈ వైస్‌తో పనిలేదు. కొని గోడకు తగిలించుకుంటామంటే అది వేరే సరదా.

వైస్‌లు మూలపడటానికి కారణం ఈ గట్టి పళ్ళే కాదు. 1924లో ఎడ్మండ్ మిషెల్ చేతితో పట్టుకుని కోసే కరెంటు రంపాన్ని తయారుచేశాడు. స్కిల్ అన్న కంపెనీ పేరు అక్కడి నుంచి వచ్చిందే. రెండో ప్రపంచయుద్ధం తరవాత ఇళ్ళు కట్టేచోట చేతిరంపం అవసరం పడిపోయింది. మిగిలిన రంపాలకు పదును పెట్టేందుకు మిన్నియాపొలిస్‌లోని ఫోలీ కంపెనీ తనంతట తాను ఆకురాయి ఆడించే యంత్రాన్ని అమ్మింది. దాన్ని షెడ్డులో పెట్టుకుని, చుట్టుపక్కలవాళ్ళ రంపాలకు పదును పెట్టి నాలుగు డబ్బులు చేసుకున్న అమెరికన్లు ఎందరో. 1955లో డిస్టన్ కుటుంబం కంపెనీని అమ్మేసింది.

ఇక పని దగ్గరకు వద్దాం. ఏ పనికోసం కొంటున్నామో తెలియకపోతే బేరం కుదరదు.

రంపం పళ్ళను అంగుళానికి ఎన్ని మొనలున్నాయన్న లెక్కతో చెబుతారు. అంగుళం మొదట్లో ఉన్న మొననూ, చివర్లో ఉన్న మొననూ రెండిటినీ లెక్కిస్తారు కాబట్టి 8 మొనల రంపమంటే అంగుళానికి నిజానికి 7 పళ్ళు. పాత అమెరికన్ రంపాల మీద ఈ అంకె పిడికి దగ్గరగా, పళ్ళ పైన చిన్నగా ముద్రవేసి ఉంటుంది. 26 అంగుళాల రంపానికి 8 మొనలంటే సుమారు 180 పళ్ళు. ఒక్కో పంటి సందులోనూ ఆకురాయి ఒకే వాలులో, ఒకే బరువుతో వెళ్ళాలి. పని చూస్తే భయం వేస్తుంది కానీ, చెయ్యి అలవాటు పడ్డాక అందులో ఒక లయ దొరుకుతుంది.

వాడే ఆకురాయి మూడు పలకలది, దాని కోణం 60 డిగ్రీలు. ఒక పంటి వెనకవైపునూ దాని పక్కపంటి ముందువైపునూ అది ఒకేసారి కోస్తుంది. కాబట్టి పంటి కోణం ఎప్పుడూ 60 డిగ్రీలే. మన చేతిలో ఉన్నదల్లా ఆ 60 డిగ్రీలను ఎటు వాల్చాలన్నదే. చెక్క నార వెంట చీల్చే నిలువుకోత రంపానికి పంటి ముందు ముఖం దాదాపు నిటారుగా ఉంటుంది. ప్రతి పన్నూ ఒక చిన్న ఉలి అన్నమాట, నారను చివర నుంచి గీకి తీస్తుంది. నారకు అడ్డంగా కోసే రంపానికి ముందు ముఖాన్ని 15 డిగ్రీల వరకూ వెనక్కి వాలుస్తారు. ఈ వాలును రేక్ అంటారు. అడ్డకోతకు ఇంకొకటి కూడా కావాలి. ఆకురాయిని రేకుకు సూటిగా కాకుండా 20 డిగ్రీలో 25 డిగ్రీలో పక్కకు తిప్పి తోస్తారు, అప్పుడు పంటి అంచు కత్తిమొనలా తేలుతుంది. దీన్ని ఫ్లీమ్ అంటారు. నారను గీకే బదులు ముందు రెండు పక్కలా తెంపి, మధ్యలో ఉన్నదాన్ని విదిలిస్తుంది. నిలువుకోత రంపంతో అడ్డంగా కోస్తే అంచు చీలికలు చీలికలై లేవడానికి కారణం ఈ ఫ్లీమ్ లేకపోవడమే.

క్రమం ఇది. ముందు రంపాన్ని తుప్పు, జిగురు లేకుండా తుడిచి, దవడల్లో బిగించాలి. పళ్ళ సందుల అడుగు దవడల అంచుకు పావు అంగుళానికి మించి పైకి లేవకూడదు. అంతకన్నా తగ్గితే ఇంకా మంచిది, ఆకురాయి దవడకు తగలనంతవరకూ. తరవాత చదునైన ఆకురాయిని ఒక చెక్కముక్కకు ఆనించి, పళ్ళ మొనల మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తారు. ఒక్కో మొన మీదా చిన్న మెరుపు మచ్చ పడుతుంది. కొందరు ఈ మెట్టును దాటేస్తారు. రంపం కోతలో పక్కకు లాగేస్తోందని తరవాత బాధపడేదీ వాళ్ళే.

పళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటే ముందు వాటి ఆకారం సరిచేసుకోవాలి. ఆ తరవాత వాటిని ఒకటి అటు, ఒకటి ఇటు వంచాలి. కోత రేకు మందంకన్నా వెడల్పుగా పడి, రంపం చెక్కలో ఇరుక్కోకుండా ఉండేందుకే ఈ వంపు. పంటి పైసగం మాత్రమే వంగాలి. అడుగు దాకా వంచితే పన్ను విరుగుతుంది. ఈ పనికి షెఫీల్డ్‌లో జేమ్స్ నీల్ కంపెనీ చేసిన ఎక్లిప్స్ 77, అమెరికాలో స్టాన్లీ 42, మోరిల్ సాధనాలు నేటికీ పనికొస్తాయి. ఎండిన గట్టి చెక్కకు వంపు కొద్దిగా చాలు, పచ్చి చెక్కకు ఎక్కువ కావాలి. ఎక్కువ వంచితే కోత సాఫీగా ఉంటుందని అనుకుంటారు కానీ, అనవసరంగా వెడల్పు కోత కోసి, చెయ్యి నొప్పి పుట్టించి, పొట్టు మాత్రం దండిగా రాలుస్తుంది.

చివరగా పదును. ఆకురాయిని ముందుకే తోయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తాలి. దాని కొసకు చిన్న చెక్కముక్క తొడిగి, దాన్ని ఎప్పుడూ మట్టంగా ఉంచితే వాలు మారదు. కావలసిన కోణాన్ని ఆ చెక్కముక్క మీద గీత గీసుకుంటే ఇంకా సుఖం. మొన మీద మనం వేసిన మెరుపు మచ్చ కనబడుతున్నంతసేపూ తోయాలి, అది మాయమైన క్షణాన ఆపాలి. ఇంకొక్క తోపు తోసినా ఆ పన్ను పక్కవాటికన్నా పొట్టిదైపోతుంది. అడ్డకోత రంపానికి ఒక వైపు నుంచి సందు విడిచి సందు రాసి, రంపాన్ని తిప్పి బిగించి రెండోవైపు మిగిలినవి రాస్తారు. ఇదంతా జరగాలంటే మెరుపు కనబడాలి కదా. అందుకే దీపం మనకు ఎదురుగా, తగ్గుగా ఉండాలి. నడివయసు దాటినవాళ్ళు కళ్ళజోడు మార్చుకోవాలి. దవడలు నిలబడ్డ మనిషి మోచేతి ఎత్తుకు, వీలైతే ఇంకాస్త పైకి ఉండాలి. వంగి చేస్తే పావుగంటకే నడుము పట్టేస్తుంది.

ఇప్పుడు కొనుగోలు. ఒక పదునులో రేకును ఎన్నిసార్లు జరపాలన్నది దవడల పొడవును బట్టి ఉంటుంది. 9 అంగుళాల దవడలైనా 12 అంగుళాలవైనా 26 అంగుళాల రంపానికి మూడుసార్లు బిగించాల్సిందే. కాబట్టి రెండు మూడు అంగుళాల తేడా కోసం రెట్టింపు డబ్బు పోయకండి. దానికన్నా ముఖ్యమైనది దవడల కింద ఉన్న లోతు. టెనన్ రంపానికీ డవ్‌టెయిల్ రంపానికీ వీపున ఇత్తడిదో ఇనుపదో మందపాటి పట్టీ ఉంటుంది. రేకు వెడల్పు తక్కువ కాబట్టి ఆ పట్టీ దవడల అంచుకు దగ్గరగానే ఉంటుంది. దవడల కింద చాలినంత ఖాళీ లేకపోతే ఆ పట్టీ అడ్డుపడి రంపం దిగదు, పళ్ళు అంగుళం పైనే నిలబడిపోతాయి, మళ్ళీ ఆ కీచుమనే చప్పుడే. చిన్న రంపాలకు పదును పెట్టాలనుకునేవారు అలాంటి రంపమొకటి వెంట తీసుకెళ్ళి దవడల్లో దించి చూసుకోవడం మేలు.

వెంట తీసుకెళ్ళాల్సినవి ఇంకా ఉన్నాయి. 12 అంగుళాల ఉక్కు స్కేలు, రెండు మూడు సన్నటి కాగితం ముక్కలు, చిన్న టార్చి. అమ్మేవాళ్ళను అడిగి, ఖాళీ దవడలను మూసి వెనక టార్చి వేయండి. వెలుతురు ఎక్కడ నుంచి వస్తోందో చూడండి. మధ్యలో సన్నటి వెలుగుగీత ఉండి, రెండు చివరలూ కలిసి ఉంటే బంగారం. మీట నొక్కినప్పుడు ఆ మధ్య ఖాళీ మూసుకుంటుంది. మధ్యలో కలిసి చివరలు విప్పారి ఉంటే మాత్రం ఎంత నొక్కినా చివరలు పట్టవు. కాగితం ముక్క రెండు చివరలా బిగించి లాగి చూస్తే ఈ సంగతి చేతికే తెలుస్తుంది. ఆపైన స్కేలును బిగించి, అంగుళం పైకి వదిలి గోటితో మీటండి. పొడిగా ‘టక్’ మంటే కొనవచ్చు. ‘జుయ్’ మని సాగితే ఎక్కడో వదులుంది. దవడలు ఎడమకూ కుడికీ ఎక్కడెక్కడ పట్టాయో, స్కేలును జరుపుతూ వినండి.

పోత ఇనుము వంగదు, పగులుతుంది. కాబట్టి మెడ దగ్గరా, మర తిరిగే చోటా, మీట కీలు చుట్టూ జాగ్రత్తగా చూడండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి విన్నట్టే ఒక చిన్న తాళంచెవితో మెల్లగా తట్టండి. మోగకుండా బొంగురుగా పలికితే కంటికి కనబడని పగులేదో ఉన్నట్టు. ఇత్తడి అతుకు వేసిన పసుపు గీత కనబడితే భయపడి వదిలేయనక్కర్లేదు, అతికేటప్పుడు దవడల వరస తప్పిందో లేదో టార్చి చెబుతుంది. దవడల పై అంచు మీద ఆకురాయి గాట్లు చాలా వైస్‌లకు ఉంటాయి. అవి దోషం కాదు, ఎవరో బాగా వాడారన్న గుర్తు. నాకైతే అవి ఉన్నదే ముద్దు.

భయపడాల్సింది కొత్తగా రంగు వేసినదాన్ని చూసి. పైన పటారం, లోన లొటారం అన్న మాట పాతసామాన్ల వ్యాపారానికి చెప్పినట్టే ఉంటుంది. పాతకాలంలో వీటికి జపానింగ్ అనే నల్లటి పూత వేసేవారు. అది అక్కడక్కడా లేచిపోయి ఉండటం సహజం. మొత్తం ఒకే నిగారింపుతో మెరుస్తోందంటే కింద ఏముందో పరీక్షగా చూడాలి. పేటెంటు తేదీ ఇనుములోనే పోతపోసి ఉంటే మురిసిపోకండి. అది తయారైన సంవత్సరం కాదు, ఆలోచనకు హక్కు దొరికిన రోజు. అదే అచ్చుతో దశాబ్దాల తరవాత కూడా పోతపోసి ఉండవచ్చు. డిస్టన్ డీ-3 రకానికి ఆకురాయిని ఒకే కోణంలో నడిపించే గైడ్ ఉంటుంది, కానీ ఆ గైడ్ భాగాలు చాలాసార్లు పోయి ఉంటాయి. అవి లేకున్నా వైస్ వైస్‌గా పనిచేస్తుంది. కాబట్టి పూర్తి సెట్టు ధర ఇవ్వాల్సిన పనిలేదు. సిరక్యూస్‌లో ఈ.సీ. స్టెర్న్స్ కంపెనీ చేసినవి కూడా మంచివే. ఏ పేరూ లేని వైస్ పట్టు బాగుంటే పేరున్నదానికన్నా దాన్నే కొంటాను. నా మట్టుకు నేను 60 డాలర్లు దాటితే బల్ల దగ్గర నుంచి కదిలిపోతాను. ఆన్‌లైన్‌లో కొనేవారికి ఇంకొక చిక్కు: స్కేలు మీటి వినే వీలుండదు. మూసిన దవడల వెనక నుంచి వెలుతురు పడేలా ఒక ఫొటో పంపమని అడగండి. పంపనివాళ్ళ దగ్గర కొనకండి. పెట్టెలో దవడలు విడిగా, చుట్టూ దట్టంగా కాగితాలు కుక్కి పంపమనండి. తపాలాలో కిందపడితే పోత ఇనుము రెండు ముక్కలే.

ఇంటికి తెచ్చాక చేసే పని చాలా తక్కువ. మర పట్టేస్తే కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేయండి, సుత్తి జోలికి వెళ్ళకండి. తుప్పుకు నిమ్మ ఉప్పు నీళ్ళు చాలు. తీసి వెంటనే కడిగి ఆరబెట్టి నూనె రాయండి. పాత రంగును పొడిగా గీకి దుమ్ము లేపకండి, అందులో సీసం ఉండవచ్చు. దవడలకు పల్చటి తోలు ముక్కో, పాత సైకిలు ట్యూబో కోసి జిగురుతో అంటించండి. ఆ సన్నటి పట్టీ చేసే మేలు ఎంతటిదో మొదటి తోపులోనే వినబడుతుంది. అయితే మెలికపడ్డ దవడకు తోలు వైద్యం కాదు. ఎంత అంటించినా ఒక మూల పట్టు వదులుతూనే ఉంటుంది.

బల్ల సంగతి ముందే చూసుకోవాలి. పాత వైస్‌ల కింది మర పల్చటి బల్లలకోసం చేసింది. ఇప్పటి వడ్రంగపు బల్లల పైపలక మూడు నాలుగు అంగుళాల మందం ఉంటుంది. అలాంటప్పుడు ఒక మందపాటి చెక్కముక్కకు రంపం వైస్‌ను బిగించి, ఆ చెక్కను బల్ల వైస్‌లో పట్టిస్తే ఎత్తు కూడా కలిసివస్తుంది.

మన ఊళ్ళలో వడ్రంగులకు ఈ ఇనుప దవడలతో పరిచయం తక్కువ. నేల మీద కూర్చుని, రంపాన్ని చీల్చిన చెక్క సందులో ఇరికించి, పాదంతో తొక్కిపెట్టి, మూడుపలకల ఆకురాయితో రాసుకునేవాళ్ళను చూస్తూ పెరిగాను. చూపుకు ముతకగా ఉన్నా ఆ ఏర్పాటులోని తెలివి అదే: పళ్ళకు వీలైనంత దగ్గరగా, వీలైనంత పొడవునా పట్టు. ఇంగ్లండులోనూ చాలాకాలం ఇలాంటిదే వాడారు. రెండు పొడవాటి చెక్కపలకలను అడుగున కీలుతో కలిపి, మధ్యలో రంపాన్ని పెట్టి, బల్ల వైస్‌లోనో మోకాళ్ళ మధ్యనో బిగించేవారు. అది రంపం పొడవంతా ఒక్కసారే పడుతుంది, మూడుసార్లు జరిపే బాధ ఉండదు. చెక్క సహజంగానే వణుకును మింగుతుంది కూడా. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళు పోత ఇనుము ముక్కకు సముద్రం దాటించే కిరాయి కట్టనక్కర్లేదు. పాత తలుపు కమ్ముల నుంచి వచ్చిన టేకు ముక్కలు రెండు, ఒక జత కీళ్ళు, లోపల తోలు పట్టీ ఉంటే మంచి దవడలు తయారవుతాయి. మూడుపలకల ఆకురాళ్ళు మన దేశంలో చేసినవే దొరుకుతాయి. జేకే ఆకురాళ్ళు విదేశాలకు కూడా వెళ్తాయి. ఇక అమెరికాలో ఉండి, సంతల్లో తిరిగే సరదా ఉన్నవారికి ఆ పాత ఇనుములో ఉన్న సుఖం వేరు. మీట ఒక్కసారి నొక్కితే పట్టు, ఎత్తితే వదులు. రంపం జరపడానికి పట్టేది ఒక్క క్షణం.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో ఉన్న తెలుగువాళ్ళు కొనేముందు డోయిల్‌స్‌టౌన్‌కు ఒకసారి వెళ్ళివస్తే మంచిది. 1897లో హెన్రీ మెర్సర్ అనే పండితుడు పాత పొయ్యి పనిముట్ల కోసం ఒక పాతసామాన్ల వ్యాపారి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ కుప్పపోసిన చేతిపనుల సాధనాలను చూసి, ఇవన్నీ కొద్దికాలంలో కనబడకుండా పోతాయని గ్రహించి, చెత్తగా పారేస్తున్నవాటిని కొనడం మొదలుపెట్టాడు. వాటికోసం అతను కాంక్రీటుతో కట్టించిన మ్యూజియం 1916లో తెరుచుకుంది. పాత వడ్రంగుల పనిముట్ల మీద 1929లో అతని పుస్తకం వచ్చింది. పని తెలియకుండా పనిముట్టును చూస్తే ఇనుపముక్కే కనబడుతుందని అక్కడి గోడల నిండా వేలాడే వస్తువులను చూసినప్పుడు బోధపడుతుంది. నా లెక్కన రంపం వైస్ విలువ కూడా అంతే. అటక మీద ఉన్న నాలుగు మొద్దు రంపాలకు అది మళ్ళీ పని ఇప్పించకపోతే ఎంత అరుదైన పేటెంటైనా బరువే.

మొదటి రంపంగా మంచిదాన్ని ఎంచుకోకండి. 6 మొనల నిలువుకోత రంపం ఏదైనా, పళ్ళు విరగనిది, ఐదో పదో డాలర్లకు తెచ్చుకోండి. 130 పళ్ళే ఉంటాయి, పెద్దవిగా ఉంటాయి, ఆకురాయి సూటిగా తోస్తే చాలు, ఫ్లీమ్ గొడవ లేదు. దానికి తగ్గ ఆకురాళ్ళు రెండు మూడు ఒకేసారి కొనుక్కోండి. ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఒకటే: ఆకురాయి పలక వెడల్పు పంటి ఎత్తుకు రెట్టింపుకన్నా కాస్త ఎక్కువ ఉండాలి, అప్పుడే మూడు అంచులనూ వంతులవారీగా వాడుకోవచ్చు. ఆ రంపం పైన్ పలకను గీత తప్పకుండా చీల్చేదాకా డీ-8 అడ్డకోత రంపాన్ని గోడకే వేలాడనివ్వండి.